ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ గెలవని ఆటగాడి పేరిట ఒక స్టేడియం: పారిస్‌లో సగం రోజు రగ్బీ నడక, నా సమీక్ష

2024 ఆగస్టు 8న మన పురుషుల హాకీ జట్టు స్పెయిన్‌ను 2–1తో ఓడించి ఒలింపిక్ కంచు పతకం గెలుచుకున్నప్పుడు, ఆ స్టేడియంలో గొంతు పోయేలా అరిచిన వేల మంది భారతీయులలో నేనూ ఒకణ్ణి. హర్మన్‌ప్రీత్ సింగ్ రెండు గోల్స్ కొట్టడం, చివరి మ్యాచ్ ఆడిన శ్రీజేష్ ఆట అయ్యాక గోల్‌పోస్టు మీదికెక్కి కూర్చోవడం ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. ఆ సాయంత్రం హైదరాబాదు నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "టీవీలో స్టేడియం పేరు ఈవ్ ద్యు మన్వార్ అని చూపించారు, ఆయన హాకీ ఆటగాడా బావా?" అని అడిగాడు. పారిస్ శివార్లలో పదేళ్ళకు పైగా ఉంటున్నా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పాత రగ్బీ ఆటగాడని మాత్రం ఎక్కడో విన్నట్టు గుర్తు. ఆ వెలితి తీర్చుకోవడానికే ఈ ఏడాది ఒక ఆదివారం నాడు, ఫ్రెంచి రగ్బీ తొలి రోజుల మీద సగం రోజు నడిపించే ఒక చిన్న సంస్థ నడకకు డబ్బు కట్టి వెళ్ళాను. బాగున్నవాటితో పాటు బాగాలేనివి కూడా రాయబోతున్నాను కనుక ఆ సంస్థ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఇలాంటి నడకకు ఎవరితో వెళ్ళినా నేను చెప్పేది పనికివస్తుంది.

మనిషికి నలభై యూరోలు, నాలుగు గంటలు, తొమ్మిది మంది బృందం. మార్గదర్శి బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పని చేసి విశ్రాంతి తీసుకున్నావిడ. రగ్బీ గురించి ఆమెకు తెలిసినంత నాకు క్రికెట్ గురించి కూడా తెలియదని మొదటి పది నిమిషాలలోనే అర్థమైంది. నడక పారిస్ నగరపు ఐదో ఆరోండిస్మాన్ (వార్డు లాంటి విభాగం)లోని సేంట్ జెనెవియేవ్ గుట్ట మీద, పాత ఎకోల్ పాలిటెక్నిక్ ద్వారం ముందు మొదలవుతుంది. పాలిటెక్నిక్ అనగానే మనకు పదో తరగతి తర్వాత చేరే మూడేళ్ళ డిప్లొమా కళాశాల గుర్తొస్తుంది కాని, ఇది దానికి పూర్తిగా వేరు. 1794లో స్థాపించి, 1804లో నెపోలియన్ సైనిక హోదా ఇచ్చిన ఈ సంస్థలో సీటు రావడం మన ఐఐటీలో సీటు రావడం లాంటిది, పైపెచ్చు విద్యార్థులు సైనిక దుస్తులు వేసుకుని, రెండు కొనల టోపీ పెట్టుకుని కవాతు చేయాలి. సంస్థ 1976లో పారిస్ శివారులోని పాలేజోకు తరలిపోయింది, పాత భవనాలలో ఇప్పుడు ఉన్నత విద్యా పరిశోధన మంత్రిత్వ శాఖ ఉంది. ఈవ్ ద్యు మన్వార్ 1924లో ఇక్కడ ప్రవేశించిన బృందంలో ఒకడు. మర్నాడు గణిత పరీక్ష పెట్టుకుని ఆదివారం మధ్యాహ్నం బురదలో ఆడి వచ్చే కుర్రవాళ్ళ కథ ఈ ద్వారం ముందు నిలబడి వింటే వేరుగానే ఉంటుంది. మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఆయన పూర్తి పేరు ఈవ్ ల పెలే ద్యు మన్వార్. 1904 ఆగస్టు 11న పారిస్‌కు పడమట ఉన్న వోక్రెసోన్‌లో ఒక పాత కులీన కుటుంబంలో పుట్టాడు. మార్గదర్శి ఆ వంశవృక్షాన్ని వివరించడానికి ఇరవై నిమిషాలు తీసుకోవడం ఈ నడకలో నాకు నచ్చని మొదటి విషయం. ఏ ఆటగాడినైనా అర్థం చేసుకోవడానికి అతని ముత్తాత బిరుదుల కంటే అతను మైదానంలో ఎక్కడ నిలబడేవాడో ముఖ్యం. అది అడిగాకే చెప్పారు. ఆయన ఆడిన చోటు ఫ్లై-హాఫ్. రగ్బీ చూడనివాళ్ళ కోసం ఒక మాట: పదిహేను మందిలో బరువైన ఎనిమిది మంది ముందుండి, తలలు కలిపి ప్రత్యర్థులను తోసి బంతిని గెలుచుకుంటారు. ఆ బంతిని అందుకుని వెనక ఉన్న వేగవంతులకు అందించాలా, ముందుకు తన్నాలా, తానే సందు చూసుకుని దూరాలా అన్నది రెప్పపాటులో తేల్చేవాడే ఫ్లై-హాఫ్. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఏ క్షణాన వెనక్కి తిరగాలో తెలుసుకున్నట్టే, ఇతనికి కూడా శరీరం కంటే ముందు కన్ను పని చేయాలి. బంతిని ఎక్కువగా కాలితో తన్నేసి క్షేమంగా ఉండటం ఆ కాలపు ఫ్లై-హాఫ్‌లకు అలవాటు. ద్యు మన్వార్ మాత్రం ప్రత్యర్థిని మోసగించే కదలికతో సందు చేసుకుని దూరిపోవడం, చేతులతో ఆటను విప్పడం ఇష్టపడే రకమని, అందుకే అభిమానం సంపాదించాడని ఆవిడ చెప్పారు. రెండు గంటల తర్వాత, స్టేడియం ఉన్న కొలోంబ్ పట్టణంలో ఇదే మాట తిరిగి చెప్పినప్పుడు నాకు ఇంకా బాగా అర్థమైంది.

గుట్ట దిగి, నది దాటి, సేన్ లాజార్ స్టేషను వైపు వెళ్ళడానికి మెట్రో ఎక్కాము. మెట్రో టికెట్ల ఖర్చు నలభై యూరోలలో కలవదని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. చిన్న మొత్తమే అయినా ముందే చెప్పి ఉండాల్సింది. ఆ స్టేషను దగ్గర లిసే కోందోర్సే ఉంది. 1882లో ఆ బడి కుర్రవాళ్ళు కొందరు స్టేషను ఆవరణలో పరుగు పందేలు పెట్టుకుంటూ కట్టుకున్నదే రేసింగ్ క్లబ్ ద ఫ్రాన్స్, ద్యు మన్వార్ ఆడిన క్లబ్బు. ఈ ఆగిన చోట ఆవిడ చెప్పిన పది నిమిషాల ముచ్చటే మొత్తం నడకలో నాకు అత్యంత నచ్చిన భాగం. ఫ్రెంచి రగ్బీ ఎలా పుట్టిందో ఆ పది నిమిషాలలో స్పష్టమైంది. 1892 మార్చి 20న బాగతెల్ మైదానంలో జరిగిన తొలి ఫ్రాన్స్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో రేసింగ్ జట్టు 4–3తో స్తాద్ ఫ్రాన్సే జట్టును ఓడించింది. దానికి రిఫరీ మరెవరో కాదు, తర్వాత ఆధునిక ఒలింపిక్స్ స్థాపకుడైన పియేర్ ద కూబెర్తాన్. అంటే ఈ ఆటను ఫ్రాన్స్‌కు తెచ్చుకున్నవాళ్ళు గనుల కార్మికులో రైతులో కారు, పారిస్ ఉన్నత పాఠశాలల కుర్రవాళ్ళు. నైరుతి ప్రాంతపు పల్లెలు, పట్నాలు ఆ ఆటను సొంతం చేసుకోవడం తర్వాతి సంగతి.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. కులీనుడు, పాలిటెక్నిక్ విద్యార్థి, చదువుతో, సైనిక కొలువుతో పాటుగా డబ్బు తీసుకోకుండా ఆడిన ఔత్సాహికుడు అయిన ద్యు మన్వార్‌కు అంత పేరు రావడానికి అతని ఆట ఎంత కారణం, అతను ప్రాతినిధ్యం వహించిన వర్గం తన పాత ఆదర్శాన్ని కాపాడుకోవాలనుకోవడం ఎంత కారణం? ఈ మాట నేను మార్గదర్శిని సూటిగానే అడిగాను. ఆవిడ నవ్వి, సమాధానం స్టేడియం దగ్గర దొరుకుతుందని చెప్పి, రైలు ఎక్కించారు.

శివారు రైళ్ళ జె లైనులో సేన్ లాజార్ నుంచి పావుగంట ప్రయాణం. దిగే స్టేషను పేరే 'ల స్తాద్', అంటే స్టేడియం. నడిచి చేరవచ్చు. దారిలో ఆవిడ ఈ మైదానం వయసు చెప్పారు. 1883లో ఇక్కడ గుర్రపు పందాల మైదానం ఉండేది. 1907లో 'ల మతాన్' పత్రిక దాన్ని క్రీడా మైదానం చేసింది. ఆ పాత మైదానంలోనే 1911 జనవరి 2న ఫ్రాన్స్ జట్టు స్కాట్లాండును 16–15తో ఓడించి తన మొట్టమొదటి అధికారిక అంతర్జాతీయ విజయం సాధించింది. అంతకు ఐదేళ్ళ ముందు, 1906 జనవరి 1న పారిస్‌లోని పార్క్ దే ప్రెన్స్ స్టేడియంలో న్యూజీలాండు చేతిలో 8–38తో ఓడిపోవడంతో మొదలైన ప్రయాణానికి అదే తొలి ఫలం. 1911 మ్యాచ్‌కు కెప్టెన్ మార్సెల్ కొమ్యునో. ఆ రోజు శార్ల్ వారెయ్ అనే ఆటగాడు దారిలో స్టేషనులో తినడానికి ఏదో కొనుక్కుందామని దిగితే రైలు వెళ్ళిపోయిందని, అతని స్థానంలో ఆంద్రే ఫ్రాంకనెల్ ఆడాడని ఆవిడ చెప్పిన ముచ్చటకు బృందమంతా నవ్వింది. నాకు మాత్రం విజయవాడ స్టేషనులో నీళ్ళ సీసా కోసం దిగి రైలు పట్టుకోలేకపోయిన మా పెదనాన్న గుర్తొచ్చాడు, ఆయనకు బదులుగా ఆడడానికి ఎవరూ లేరు.

1924 ఒలింపిక్స్ కోసం రేసింగ్ క్లబ్బు ఈ స్థలాన్ని వాస్తుశిల్పి లూయీ ఫోర్ ద్యుజారిక్‌తో పెద్ద స్టేడియంగా కట్టించింది. దాదాపు 45,000 మంది పట్టే ఈ కట్టడంలోనే ఆ ఏడాది మే 18న రగ్బీ ఫైనల్ జరిగింది. అమెరికా 17–3తో ఫ్రాన్స్‌ను ఓడించి స్వర్ణం గెలుచుకుంది. ప్రేక్షకులు అమెరికన్లను గేలి చేశారు, స్టాండ్లలో గొడవలయ్యాయి, ఆ తర్వాత పదిహేను మంది ఆడే రగ్బీ ఒలింపిక్స్‌లో మళ్ళీ కనిపించలేదు. 2016లో వచ్చింది ఏడుగురి ఆట. ఈ ఫైనల్‌లో ద్యు మన్వార్ లేడు. ఆయన జాతీయ జట్టులోకి వచ్చింది మరుసటి ఏడాది. ఇదే స్టేడియంలో 1938 జూన్ 19న జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్‌లో ఇటలీ 4–2తో హంగేరీని ఓడించింది. 1924లో ఇక్కడ హాకీ లేదు. మరో నాలుగేళ్ళకు, 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో హాకీ తిరిగి వచ్చినప్పుడు మన జట్టు తొలి స్వర్ణం గెలుచుకుంది. ద్యు మన్వార్ మరణం, ఈ స్టేడియానికి ఆయన పేరు పెట్టడం రెండూ అదే సంవత్సరంలో జరిగాయన్నది ఈ నడక తర్వాత నేను లెక్కపెట్టుకున్న విషయం.

స్టేడియం ద్వారం దగ్గర చెట్ల నీడన నిలబడి ఆవిడ ఆయన ఆటజీవితం అంతా ఒక కాగితం మీద రాసి చూపించారు. అది నాకు నచ్చిన నిజాయితీ. ద్యు మన్వార్ ఫ్రాన్స్‌కు ఆడిన అంతర్జాతీయ మ్యాచ్‌లు ఎనిమిది. మొదటిది 1925 జనవరి 1న కొలోంబ్‌లోనే ఐర్లాండుతో, 3–9తో ఓటమి. జనవరి 18న తులూజ్‌లో, ఆ పర్యటనలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని న్యూజీలాండు జట్టు చేతిలో 6–30. అదే నెల 24న ఎడిన్‌బరోలో స్కాట్లాండు చేతిలో 4–25. అప్పటి లెక్కల ప్రకారం ఆ 4 అంటే ఒక్క డ్రాప్ గోల్ (ఆట నడుస్తుండగా బంతిని నేలకు తాకించి గోల్‌పోస్టుల మధ్యకు తన్నడం) మాత్రమే. కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో 5–11. 1926లో స్కాట్లాండుతో ఒక్క మ్యాచ్, 6–20. 1927లో ఐర్లాండు, స్కాట్లాండు, వేల్స్ మూడూ ఓటములే. ఎనిమిదికి ఎనిమిది. ఫ్రాన్స్ ఇంగ్లండును తొలిసారి ఓడించిన 1927 ఏప్రిల్ 2 నాటి 3–0 మ్యాచ్‌లో ఆయన లేడు. మన సినిమా కథలలో అయితే ఆ ఒక్క విజయంలో హీరో ఉండేవాడు. నిజ జీవితం అలా రాసుకోదు.

ఈ లెక్కను చూసి మా బృందంలోని ఒక అమెరికన్ వృద్ధుడు, మరి ఇతని పేరు ఎందుకు పెట్టారని నేరుగా అడిగాడు. నాకు వచ్చిన సందేహమే అది. దానికి ఆవిడ చెప్పిన జవాబులో సగం నాకు నచ్చింది, సగం నచ్చలేదు.

నచ్చింది ఏమిటంటే, ఆ మరణం గురించి చెప్పిన తీరు. పాలిటెక్నిక్ తర్వాత ఆయన సైనిక విమానయాన విభాగాన్ని ఎంచుకున్నాడు. 1928 జనవరి 2న, పైలట్ అర్హత పరీక్షలో భాగంగా ఎగురుతుండగా, ఏంద్ర్ జిల్లాలోని రయ్యి దగ్గర విమానం కూలి చనిపోయాడు. వయసు 23. అదే రోజు కొలోంబ్‌లో ఫ్రాన్స్, స్కాట్లాండు ఆడుతున్నాయి, స్కాట్లాండు 15–6తో గెలిచింది. ఒక పక్క ఆయన ఆడవలసిన మైదానం, మరో పక్క ఎక్కడో పొలాల మధ్య పడి ఉన్న విమానం, ఆ రెండూ ఒకే మధ్యాహ్నం. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు పెంచలేదు, వణికించలేదు, తేదీ చెప్పి ఊరుకున్నారు. బాగున్న మార్గదర్శికి ఉండవలసిన గుణం అదే.

నచ్చనిది ఆ తర్వాత మొదలైంది. ఆయన్ను ఒక నిర్మల దేవదూతగా, డబ్బు ముట్టని, తప్పు చేయని, ఓటమిని నవ్వుతూ స్వీకరించిన యోధుడిగా చిత్రించడానికి మరో పావుగంట పట్టింది. అదే సమయంలో ఫ్రెంచి రగ్బీలో ఏం జరుగుతోందన్నది దాదాపు చెప్పలేదు. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది. 1920లలో ఫ్రాన్స్‌లోని క్లబ్బులు మంచి ఆటగాళ్ళకు కొలువులు, చేతిలో డబ్బు పెట్టి తీసుకువచ్చేవి. మైదానంలో హింస కూడా పెరిగింది. ఈ రెండూ కారణంగా 1931లో ఇంగ్లండు, స్కాట్లాండు, వేల్స్, ఐర్లాండు నాలుగూ ఫ్రాన్స్‌తో ఆడటం మానేశాయి. ఈ నాలుగింటితో కలిసి ఏటా ఆడే ఐదు దేశాల పోటీలోకి ఫ్రాన్స్ మళ్ళీ వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో. అదే 1931లో రేసింగ్ క్లబ్బు, ఔత్సాహిక స్వచ్ఛతకు, చేతులతో విప్పే ఆటకు గుర్తుగా ఒక పోటీని మొదలుపెట్టి దానికి 'ఛాలెంజ్ ఈవ్ ద్యు మన్వార్' అని పేరు పెట్టింది. 1932లో మొదటి విజేత అజాన్ జట్టు. ఆ తర్వాతి కాలంలో అందరికంటే ఎక్కువసార్లు గెలిచింది నార్బోన్ జట్టు. మధ్యలో యుద్ధం వల్ల ఆగినా, 1996 వరకు ఆ పోటీ బతికింది. అంటే మనిషి బతికి ఉన్నప్పుడు ఆడిన ఎనిమిది అంతర్జాతీయ మ్యాచ్‌ల కంటే, చనిపోయాక ఆ పేరు మీద ఆడిన మ్యాచ్‌లు వందల రెట్లు. ఆటను డబ్బు కబళిస్తోందని భయపడినవాళ్ళకు, డబ్బు అడగడానికి బతికి లేని ఒక యువకుడు ఆదర్శంగా దొరికాడు. ఇది నా అభిప్రాయం, ఆవిడది కాదు. ఈ సంగతి చెప్తే ద్యు మన్వార్ చిన్నబోడు సరికదా, ఆ పేరు వందేళ్ళు ఎందుకు నిలిచిందో స్పష్టమయ్యేది.

ఈ లోటును కొంత పూడ్చింది ఆవిడ ప్రస్తావించిన మరో రెండు పేర్లు. ఒకరు మోరిస్ బోయో. 1888లో అల్జీరియాలో పుట్టి, బోర్దోలోని స్తాద్ బోర్దలే క్లబ్బులోనూ, దాక్స్ పట్టణంలోనూ ఆడి, ఫ్రాన్స్‌కు ఆరు మ్యాచ్‌లు ఆడిన ఫార్వర్డ్, అంటే ముందుండే ఎనిమిది మందిలో ఒకడు. మొదటి ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమాన పైలట్‌గా 35 విజయాలు సాధించి, వాటిలో చాలావరకు శత్రువుల పరిశీలన బెలూన్లను కాల్చివేసి, 1918 సెప్టెంబరు 16న యుద్ధంలోనే చనిపోయాడు. దాక్స్ స్టేడియానికి ఆయన పేరే. రెండో పేరు టెన్నిస్ చూసే ప్రతి తెలుగువాడికీ తెలుసు, రొలాన్ గారోస్. ఆయన టెన్నిస్ ఆటగాడు కాదు, 1913 సెప్టెంబరు 23న మధ్యధరా సముద్రాన్ని ఆగకుండా దాటిన తొలి వైమానికుడు. 1928లో ఆ టెన్నిస్ స్టేడియానికి ఆయన పేరు పెట్టాలని పట్టుబట్టినవాడు స్తాద్ ఫ్రాన్సే అధ్యక్షుడు ఎమిల్ లెసియ్యెర్, స్వయంగా ఫ్రాన్స్‌కు ఆడిన రగ్బీ వింగర్ (మైదానం అంచున పరుగెత్తే ఆటగాడు). అంటే 1928 ఒక్క సంవత్సరంలో పారిస్ అంచుల్లోని రెండు పెద్ద స్టేడియాలకు వైమానికుల పేర్లు వచ్చాయి, రెండింటి వెనకా రగ్బీ మనుషులే ఉన్నారు. యుద్ధం ముగిసి పదేళ్ళైన దేశం గెలిచినవాళ్ళకంటే గాలిలో పోయినవాళ్ళను ఎక్కువగా తలచుకుందేమో. ఈ ముక్క కోసమే నేను ఈ నడకకు డబ్బు కట్టానని తర్వాత ఇంట్లో చెప్పాను. ఇది పది నిమిషాలు కాక అరగంట ఉండి ఉంటే, వంశవృక్షం గురించిన ఇరవై నిమిషాలు క్షమించేవాణ్ణి.

లోపల ఆ మధ్యాహ్నం పిల్లల హాకీ సాధన జరుగుతోంది. పక్క నుంచి నీలి రంగు మైదానాన్ని చూశాము. 2024 ఆటల కోసం చేసిన మార్పులలో పాత స్టాండు ఒకటి నిలుపుకుని దాని ఎదుట కొత్తది కట్టారు. ఆ పాత స్టాండు ముందు నిలబడి, 1972 వరకు ఫ్రాన్స్ రగ్బీ జట్టుకు ఇదే ఇల్లు అని ఆవిడ చెప్పారు. ఆ ఏడాది ఫిబ్రవరి 26న ఇంగ్లండును 37–12తో ఓడించిన తర్వాత ఫ్రాన్స్ పార్క్ దే ప్రెన్స్‌కు మారిపోయింది. రేసింగ్ జట్టు మాత్రం 2017 వరకు ఇక్కడ ఆడింది. స్టాండ్లు కూలగొట్టి, మైదానం మూగబోయిన కొన్ని దశాబ్దాల గురించి ఆవిడ ఒక్క వాక్యంతో దాటేశారు, నేనూ అదే చేస్తాను. 1924లోనూ 2024లోనూ ఒలింపిక్ పోటీలు చూసిన స్టేడియం కావడం ఈ పేరును మళ్ళీ బతికించింది. మన హాకీ జట్టు అక్కడ కంచు పతకం అందుకున్న రోజున ఎంతమంది తెలుగువారు ఆ పేరు చదివారో, ఎంతమంది పట్టించుకున్నారో చెప్పలేను, నేనైతే పట్టించుకోలేదు.

సేవ ఎలా ఉందన్నది కూడా చెప్పాలి. చెవిలో పెట్టుకునే వినికిడి పరికరాలు తొమ్మిదిలో మూడు పని చేయలేదు, వీధి శబ్దంలో ఆవిడ మాట వినడానికి ఒకరికొకరం అతుక్కుని నడవాల్సి వచ్చింది. నడక ఇంగ్లీషులోనే జరిగింది కాని పంచిన కాగితం మాత్రం ఫ్రెంచిలోనే ఉంది. మధ్యలో కూర్చోవడానికి ఒక్క విరామం కూడా లేదు, నాతో వచ్చిన మా అత్తగారు స్టేషను బెంచీ మీద కూర్చుండిపోయి, మిగతా కథ ఇంటికొచ్చాక చెప్పమన్నారు. రయ్యి పల్లెకు వెళ్ళే ఏర్పాటు ఈ నడకలో లేదు, అది పారిస్‌కు దక్షిణంగా చాలా దూరం కనుక సహేతుకమే, కాని ప్రకటనలో 'పుట్టుక నుంచి మరణం వరకు' అని రాయకుండా ఉండాల్సింది. వోక్రెసోన్‌కూ వెళ్ళలేదు. ఈ ఫిర్యాదులన్నీ సరిదిద్దగలిగినవే. ఆవిడకు మాత్రం అంకెలు, తేదీలు కంఠస్థం, ఎవరు ఏ ప్రశ్న వేసినా తడుముకోలేదు, ఇది డబ్బు పెట్టి కొనలేని విషయం.

రగ్బీ నియమాలు తెలియనివాళ్ళకు ఈ నడక కొంత బరువే. ఒక సాయంత్రం ఫ్రాన్స్ జట్టు మ్యాచ్ ఒకటి చూసి, ఫ్లై-హాఫ్ ఎవరో గుర్తుపట్టడం నేర్చుకుని వెళ్తే రెట్టింపు ఫలితం ఉంటుంది. పదేళ్ళ లోపు పిల్లలకు నేను సిఫారసు చేయను, రైలు ప్రయాణం, స్టేడియం వరకే వాళ్ళకు బాగుంటుంది. అయిదుకు మూడున్నర ఇస్తున్నాను, కాగితం ఇంగ్లీషులోకి తెచ్చి, వినికిడి పరికరాలు మార్చి, 1931 ముచ్చట కలిపితే నాలుగున్నర ఇవ్వగలను. బుక్ చేసుకునే ముందు రెండు విషయాలు అడిగి తెలుసుకోండి: ఆ రోజు స్టేడియంలో లోపలికి రానిస్తారా, మెట్రో రైలు టికెట్లు ధరలో ఉన్నాయా. వేసవిలో వెళ్తే నీళ్ళ సీసా తీసుకెళ్ళండి, ల స్తాద్ స్టేషను నుంచి తిరుగు రైలు వేళ ముందే చూసుకోండి, ఆదివారాలలో రైళ్ళు పలచగా ఉంటాయి.